చర్చ: ఇంటర్ విద్యార్థి చేతికి ఆన్‌లైన్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ ఇవ్వవచ్చునా?

అడిగినవారు: కొర్లగుంట తండ్రి, తిరుపతి

మా అబ్బాయి ఇక్కడే ఒక కళాశాలలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. నెల రోజులుగా లెక్కలు చేసేటప్పుడు ఫోనులో డెస్మోస్ అనే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ తెరిచి నోట్సు పక్కన పెట్టుకుంటున్నాడు. సమీకరణం టైపు చేసీ చేయగానే వక్రం తెరమీదికి వచ్చేస్తుంది. నేనూ డిగ్రీలో గణితం చదివినవాణ్ణే గాని, ఇరవై ఏళ్లు బ్యాంకు కౌంటరులో కూర్చున్నాక కూడికలు, తీసివేతలు తప్ప మిగిలింది తక్కువ.

మొన్న ఆదివారం "10 సైన్ ఎక్స్ = ఎక్స్ అనే సమీకరణానికి ఎన్ని వాస్తవ మూలాలు?" అనే ప్రశ్నకు వాడు "ఒకటి" అని రాశాడు. పుస్తకం వెనుక జవాబు 7 అని ఉంది. "నాయనా, పుస్తకంలోనే తప్పు ఉండాది" అంటూ ఫోను చూపించాడు. అలలుగా లేచి పడవలసిన సైన్ వక్రం అక్కడ వాలిన కర్రలా తిన్నగా పడుకుని ఉంది. పావుగంట తరువాత సంగతి తెలిసింది. అంతకు ముందెప్పుడో ఎత్తులు, దూరాల లెక్క కోసం కోణాలను డిగ్రీలకు మార్చినవాడు తిరిగి రేడియన్లకు (కోణానికి మరో కొలత) మార్చడం మరిచిపోయాడు. మార్చగానే ఏడు ఖండన బిందువులూ కనిపించాయి.

సెట్టింగు మరిచిపోవడం పెద్ద తప్పని నేను అనుకోవడం లేదు. సైన్ వక్రంలో వంపే లేకపోతే వాడికి అనుమానం కూడా రాకపోవడమే నన్ను బాధించింది. ఈ పరికరాన్ని కొనసాగనివ్వాలా, మాన్పించాలా? బోధించినవారు, వాడినవారు చెబితే వింటాను.

చిత్తూరు విశ్రాంత అధ్యాపకుడు

అయ్యా, కనీసం మొదటి సంవత్సరం పూర్తయ్యేదాకా ఇవ్వకూడదని నా అభిప్రాయం. ముప్పై ఒక్క ఏళ్లు జూనియర్ కళాశాలల్లో గణితం చెప్పిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

గ్రాఫు కాగితం చేతికి రాగానే పిల్లవాడు కుడివైపు పై మూలన "స్కేలు: ఎక్స్ అక్షంపై 1 సెం.మీ. = 1 యూనిట్" అని రాస్తాడు. మార్కు పోతుందన్న భయంతోనే రాస్తాడనుకోండి, అయినా ఆ ఒక్క పంక్తి రాయాలంటే ముందు విలువల పట్టిక వేసి, అందులో అతి పెద్ద సంఖ్య ఏదో, అతి చిన్నది ఏదో చూసి, ఈ ప్రమేయం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఆసక్తికరంగా ఉంటుందో తేల్చుకోవాలి. ఫోనులో ఆ నిర్ణయం యంత్రానిది. విద్యార్థికి కనిపించేది మైనస్ 10 నుంచి 10 వరకు ఉన్న ఒక చిన్న కిటికీ మాత్రమే, కానీ వాడు దాన్నే ప్రపంచమనుకుంటాడు.

ఒక ఉదాహరణ చూడండి. ఎక్స్ ఘాతం 10, ఇ ఘాతం ఎక్స్ అనే రెండు ప్రమేయాలనూ ఆ కిటికీలో గీయించి, చివరికి ఏది పెద్దదవుతుందని అడగండి. ఎక్స్ విలువ 10 దగ్గర మొదటిది వెయ్యి కోట్లు, రెండవది దాదాపు 22,026. మొదటిదే గెలిచిందని పిల్లవాడు కళ్లు మూసుకుని రాస్తాడు. కానీ ఎక్స్ 36కు చేరేలోపే, సుమారు 35.77 దగ్గర, రెండవది దాన్ని దాటిపోయి మళ్లీ ఎన్నటికీ వెనకబడదు. సంవర్గమానాలు తీసుకుని ఎక్స్‌ను 10 లాగ్ ఎక్స్‌తో పోల్చినవాడికి ఈ సంగతి కాగితం మీదే తెలుస్తుంది. తెరను నమ్మినవాడికి ఎటువైపు జరపాలో కూడా తోచదు.

పరీక్షల మాట వేరే చెప్పనక్కరలేదు. ఈఏపీసెట్‌లో మూడు గంటలలో 160 ప్రశ్నలు, అందులో 80 గణితానివే, క్యాలిక్యులేటర్‌కు అనుమతి లేదు. జేఈఈ మెయిన్‌లోనూ లేదు.

ఏర్పేడు పరిశోధక విద్యార్థిని

మాస్టారూ, నమస్కారం. పుత్తూరులో తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చి ఇప్పుడు గణితంలో పరిశోధన చేస్తున్నాను. మీ ఉదాహరణ నాకు చాలా నచ్చింది. కానీ అది కిటికీని జరపడం నేర్పాలన్న వాదనకే బలం చేకూరుస్తుంది, పరికరం పనికిరాదన్న వాదనకు కాదు.

కేసియో కంపెనీ గ్రాఫు గీసే తొలి చేతి క్యాలిక్యులేటర్‌ను 1985లోనే అమ్మకానికి పెట్టింది. అయినా మా కళాశాలలో అటువంటిదాన్ని నేను కళ్లతో చూడలేదు, చూసినా కొనగలిగిన ఇల్లు మా వీధిలో లేదు. మార్కుస్ హోహెన్‌వార్టర్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ 2001లో గ్రాఫులు గీసే జియోజీబ్రాను మొదలుపెట్టారు. 2011లో డెస్మోస్ వచ్చింది. రెండింటినీ విద్యార్థి ఉచితంగా వాడుకోవచ్చు. డబ్బున్న దేశాల పిల్లలకే అందిన వస్తువు మన పిల్లల దాకా వచ్చిన తరువాత, దాన్ని దూరంగా ఉంచుదామనడం నాకు కష్టంగా ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. వై = ఎక్స్² + బి ఎక్స్ + 1 అని టైపు చేసి, బి కోసం ఒక స్లైడర్ (విలువను మార్చడానికి వేలితో జరిపే మీట) పెట్టండి. బి మారితే పరావలయం ఎటు పోతుందని ముందుగా అడగండి. మా పిన్ని కొడుకు పదో తరగతి. వాడితో సహా నేను అడిగినవాళ్లందరూ "పక్కకు జరుగుతుంది" అనే చెప్పారు. స్లైడర్‌ను వేలితో లాగితే పరావలయం పక్కకు జరుగుతూనే కిందికి కూడా దిగుతుంది. కుడికి లాగినా, ఎడమకు లాగినా దిగుతుంది. వాడు నాలుగైదు సార్లు అటూ ఇటూ లాగి, "అక్కా, దీని కొన ఏదో దారి పట్టుకుని పోతోంది" అన్నాడు. శీర్షం నడిచే ఆ దారి బోర్లించిన పరావలయం. శీర్షం నిరూపకాలు మైనస్ బి/2, 1 మైనస్ బి²/4. వాటి మధ్య నుంచి బి ని తొలగిస్తే వై = 1 − ఎక్స్² వస్తుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో బిందుపథం పాఠం చెప్పేది సరిగ్గా ఇదే.

బల్లమీద ఇది చూపాలంటే ఒకదాని పక్కన ఒకటిగా అయిదు పరావలయాలు గీయాలి. మూడవది గీసేసరికి సుద్దముక్క అరుగుతుంది, వెనుక బెంచీ ఆవులిస్తుంది. కదలిక చూసినవాడే "ఎందుకలా?" అని అడిగాడు. ఆ ప్రశ్న పుట్టడమే నాకు కావలసింది.

రేణిగుంట తల్లి

మీరందరూ గణితం గురించి మాట్లాడుతున్నారు గాని, మా ఇంట్లో ఫోను ఒక్కటే. పాప పరావలయం కోసం తెరిచిన ఫోనులో పది నిమిషాల తరువాత రీల్స్ నడుస్తూ ఉంటాయి. దీనికి ఎవరి దగ్గరైనా ఉపాయం ఉందా?

ఏర్పేడు పరిశోధక విద్యార్థిని

అమ్మా, జియోజీబ్రా యాప్‌ను ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తుంది. డేటా ఆపేసి ఫోను ఇవ్వండి. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది కదా, అటువంటిది మీ ఇంట్లో ఉంటే అది ఇంకా మేలు.

చిత్తూరు విశ్రాంత అధ్యాపకుడు

అమ్మాయి చెప్పిన శీర్షం దారి ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయిదు పరావలయాలు గీసి చేయి నొప్పి పెట్టించుకున్నవాణ్ణి నేనే కాబట్టి ఆ ఆవులింతలు కూడా నాకు తెలుసు. అయితే ఆ పిల్లవాడికి పక్కన అక్క ఉంది. "ముందుగా అడగండి" అన్నదీ, బి ని తొలగించి చూపినదీ ఆమె. ఈ రెండింటి మధ్య ఫోను చేసింది ఒక నిమిషం పని. కొర్లగుంటలో ఆ అబ్బాయి పక్కన ఎవరూ లేరు. అందుకే వాలిన కర్రను చూసి సైన్ వక్రమని నమ్మాడు.

అవధుల పాఠం దగ్గర మరో చిక్కు ఉంది. (ఎక్స్² − 1)/(ఎక్స్ − 1) అని టైపు చేస్తే తెరమీద ఎక్కడా తెగని సరళరేఖ వస్తుంది. ఎక్స్ = 1 దగ్గర ఆ ప్రమేయానికి విలువే లేదన్న సంగతి ఆ గీతను చూస్తే తెలియదు. ఆ ఒక్క బిందువు కోసమే మేము వారం రోజులు పాఠం చెబుతాము.

తిరుపతి, ఒక అమ్మాయి తండ్రి

మా అమ్మాయి అమెరికా చదువు కోసం శాట్ రాసింది. 2023 నుంచి మన దేశంలో ఆ పరీక్ష కంప్యూటరు మీదనే జరుగుతోంది. పరీక్ష తెరలోనే డెస్మోస్ ఉంటుంది. దాన్ని వాడడం రానివాళ్లే అక్కడ వెనకబడతారు. ఇక్కడ కూడా గేట్ పరీక్షలో తెరమీద సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఇస్తున్నారు. ఈఏపీసెట్ ఒక్కటే కొలబద్ద కాదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

పలమనేరు వైపు ఉపాధ్యాయురాలు

నేను ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు గణితం చెబుతాను. నలభై మందికి ఒకే తెర ఉండడం లోటని అందరూ అంటారు గాని, నాకు అదే కలిసివచ్చింది. తెర నా చేతిలో ఉంటుంది, పెన్సిళ్లు పిల్లల చేతుల్లో ఉంటాయి. నోట్సులో అంచనా గీత గీయనిదే నేను మీట నొక్కను. తప్పు గీత అయినా సరే, గీయాలి. తెరమీద గీత వచ్చిన తరువాత పాత గీతను చెరపకూడదు, పక్కనే ఎర్ర పెన్నుతో సరైనది వేసుకోవాలి. ఏడాది చివర నోట్సు తిరగేస్తే ఎర్ర గీత నల్ల గీతకు దగ్గరవుతూ రావడం వాళ్లకే కనిపిస్తుంది.

తొలి పాఠానికి తెర కూడా పెట్టను. అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్లినవాళ్లు మా తరగతిలో సగం మందికి పైగానే ఉంటారు. నడిచిన దూరాన్ని అడ్డంగా, ఎక్కిన ఎత్తును నిలువుగా తీసుకుని గ్రాఫు గీయమంటాను. గాలిగోపురం దాకా గీత నిటారుగా లేస్తుంది, ఆ పైన చాలా దూరం చదునుగా సాగుతుంది, చివర మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిక్కుతుంది. ఒక్క సూత్రం చెప్పకుండానే వాలు అంటే ఏమిటో వాళ్ల మోకాళ్లు చెప్పేస్తాయి.

పరికరం లేకపోతే దొరకనిది కూడా ఒకటి చెబుతాను. 2 ఘాతం ఎక్స్ = ఎక్స్² ఎప్పుడవుతుందని అడిగితే, పిల్లలు సంఖ్యలు వేసి చూసి 2, 4 అని రెండు జవాబులు చెప్పారు. తెరమీద గీయించాను. సున్నాకు ఎడమవైపు, సుమారు మైనస్ 0.77 దగ్గర, రెండు వక్రాలూ మరోసారి కలిశాయి. "టీచర్, మూడోది యాడనుంచి వచ్చింది?" అని ఒక పిల్ల లేచి నిలబడింది. సున్నా వేసి చూడమన్నాను: 1, 0 వచ్చాయి. మైనస్ 1 వేయమన్నాను: అర, 1 వచ్చాయి. సున్నా దగ్గర పెద్దదిగా ఉన్నది మైనస్ 1 దగ్గర చిన్నదైతే మధ్యలో ఎక్కడో రెండూ సమానం కాక తప్పదని ఆ పిల్లే చెప్పింది. కాగితం మీదనే ఉండి ఉంటే ఎవరూ ఎడమవైపు తొంగి చూసేవాళ్లు కాదు. మాస్టారు అన్న కిటికీ కొన్నిసార్లు మన తలలోనే ఇరుకుగా ఉంటుంది.

అడిగినవారు: కొర్లగుంట తండ్రి, తిరుపతి

అందరికీ ధన్యవాదాలు. పలమనేరు టీచరుగారి పద్ధతినే ఇంట్లో పెట్టాను. సాయంత్రం గంటసేపు ఫోను నా జేబులో ఉంటుంది. నోట్సులో గీత చూపించిన తరువాతే ఇస్తాను. పాత లెక్కనే మళ్లీ చేయించాను. వై = సైన్ ఎక్స్, వై = ఎక్స్/10 అని విడదీసి, సరళరేఖ 10 దగ్గర 1 ఎత్తుకు చేరుతుందనీ, 3పై అంటే దాదాపు 9.42 అనీ రాసుకుని, కుడివైపు మూడు, ఎడమవైపు మూడు, సున్నా దగ్గర ఒకటి అని లెక్కపెట్టాడు. మొత్తం ఏడు, ఫోను ముట్టకుండానే.

ఉత్సాహం వచ్చి నేనే 20 సైన్ ఎక్స్ = ఎక్స్ అని ఇచ్చాను. ఇక్కడ ఇద్దరమూ చిక్కుకున్నాము. చేతి గీతలో చివరి అల సరళరేఖను తాకిందో లేదో తేలలేదు. ఫోనులో చూస్తే 20 దాటిన వెంటనే రెండు గీతలూ ఒకదానికొకటి ఆనుకున్నట్టే ఉన్నాయి. వాడు 13 అంటున్నాడు. ఇందులో నేను ఎవరి పక్షం వహించాలి?

చిత్తూరు విశ్రాంత అధ్యాపకుడు

అయ్యా, ఎవరి పక్షమూ వద్దు, జవాబు 11. సైన్ విలువ 1ని మించదు కాబట్టి ఎక్స్ 20ని మించకూడదు. చివరి అల 6పై దగ్గర, అంటే 18.85 దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి 20 దాకా సైన్ పెరుగుతూనే ఉంటుంది, అయినా 20 దగ్గర దాని విలువ 0.913 మాత్రమే. అదే దూరంలో ఎక్స్/20 మొదట్లోనే 0.942 ఉంటుంది. వెనకబడి మొదలైన వక్రం చివరిదాకా వెనకబడే ఉంటుంది కనుక అక్కడ కలయిక లేదు. కుడివైపు అయిదు, ఎడమవైపు అయిదు, సున్నా ఒకటి.

ఇది రాసే ముందు మా మనవరాలి ఫోనులో వై = 20 సైన్ ఎక్స్, వై = ఎక్స్ అని నేను కూడా గీయించి చూశాను. మామూలుగా చూస్తే ఆనుకున్నట్టే ఉంది. రెండు వేళ్లతో బాగా సాగదీసిన తరువాత మధ్యలో సన్నని సందు కనిపించింది, దాదాపు 0.4 యూనిట్లు. మీ అబ్బాయిని ముందు కాగితం మీద కారణం రాయమని, ఆ తరువాత ఆ సందు వెతకమని చెప్పండి.