హెబ్రీ 10:26లో “బుద్ధిపూర్వకముగా పాపము చేసినయెడల” అంటే ఏ పాపం?

ప్రశ్న:
“మనము సత్యమునుగూర్చి అనుభవజ్ఞానము పొందిన తరువాత బుద్ధిపూర్వకముగా పాపము చేసినయెడల పాపములకు బలి యికను ఉండదు.” బాప్తిస్మం తీసుకున్నాక తప్పని తెలిసి ఒక్క అబద్ధమాడినా ఇక క్షమాపణ లేదని ఈ వచనాన్ని అర్థం చేసుకుని కుమిలిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి మనిషి చేసే పాపాల్లో ఎక్కువ భాగం తెలిసి చేసేవే కదా. “బుద్ధిపూర్వకముగా”, “చేసినయెడల”, “ఇకను ఉండదు” అనే మూడు మాటలకూ మూలంలో ఏముందో గ్రీకు తెలిసినవారు వివరించగలరా?

జవాబు:
గ్రీకులో ఈ వాక్యం “హెకూసియోస్” (బుద్ధిపూర్వకముగా) అనే మాటతోనే మొదలవుతుంది. నొక్కి చెప్పడానికే దాన్ని ముందు పెట్టారు. కొత్త నిబంధనలో ఇది ఇంకొక్కచోటే వస్తుంది, 1 పేతురు 5:2లో. అక్కడ మన బైబిలు దాన్ని “ఇష్టపూర్వకముగా” అని తెలిగించింది, ఎదురుగా “బలిమిచేత కాక” అని ఉంది. కాబట్టి ఈ మాటకు వ్యతిరేకం “తెలియక” ఒక్కటే కాదు, “బలవంతం మీద” కూడా. శోధనతో పెనుగులాడి, ఓడిపోయి, వెంటనే సిగ్గుతో తల వంచుకునేవాడికి ఈ మాట సరిగ్గా అతకదు.

ఇక క్రియ. మూలంలో ఉన్నది “హమర్తనోంటోన్”. మన వ్యాకరణంలో చెప్పాలంటే శత్రర్థకం: “పాపము చేయుచు”. 1 యోహాను 2:1 చూడండి: “ఎవడైనను పాపము చేసినయెడల… ఉత్తరవాది తండ్రియొద్ద మనకున్నాడు.” అక్కడి క్రియ వేరే రూపంలో, జరిగిన పనిని ఒక్క మొత్తంగా చూపే అయోరిస్టులో ఉంది. తెలుగులోకి వచ్చేసరికి రెండూ “చేసినయెడల” అయిపోయాయి. ఓదార్చే వచనానికీ హెచ్చరించే వచనానికీ ఒకే రూపం పడటంతో చదివేవారికి తేడా కనిపించదు.

మరొకరి జవాబు:
పై వివరణతో ఏకీభవిస్తాను, కానీ పాత అనువాదాన్ని తప్పు పట్టక్కర్లేదు. “తాగితే ఆరోగ్యం పాడవుతుంది” అన్నప్పుడు ఒక్క గుక్క గురించి కాదని మనకు తెలుసు. తెలుగు చేదర్థకం (“చేస్తే”, “చేసినయెడల” లాంటి రూపం) ఒక్కసారి చేసిన పనికీ వస్తుంది, అలవాటుకీ వస్తుంది. ఏదో తేల్చేది సందర్భమే. గ్రీకులో కూడా శత్రర్థకం ఉన్నచోటల్లా “మానకుండా చేస్తూనే ఉండటం” అని అర్థం రాదు. కాలరూపం ఒక్కదాని మీదే భరోసా అంతా నిలబెడితే, రేపు ఇంకెవరో వ్యాకరణం ఎత్తి చూపి దాన్ని పడగొట్టగలరు.

సందర్భం మాత్రం గట్టిది. 25వ వచనం సమాజంగా కూడుకోవడం మానేస్తున్నవారి గురించి. 26వ వచనం మూలంలో “ఎందుకంటే” అని దానికి ముడిపడి ఉంది. 28వ వచనంలోని “ఇద్దరు ముగ్గురు సాక్షులు” ద్వితీయోపదేశకాండము 17:6 నుంచి వచ్చిన మాట. అక్కడ ఆ సాక్ష్యం ఏ నేరానికి? 2, 3 వచనాలు చదవండి: నిబంధన మీరి అన్యదేవతలకు మొక్కడం. అబద్ధమో దొంగతనమో కాదు. 29వ వచనం ఆ పాపాన్ని విప్పి చెబుతుంది: దేవుని కుమారుణ్ణి కాళ్లతో తొక్కడం, తనను పరిశుద్ధపరచిన నిబంధన రక్తాన్ని అపవిత్రమని ఎంచడం, కృపకు మూలమైన ఆత్మను తిరస్కరించడం. ఈ మూడూ ఒకే మనిషిలో కనిపించే లక్షణాలు, అతడు క్రీస్తును ఎరిగి మరీ కాదని వెళ్లిపోయినవాడు. హెచ్చరిక నిజమైనదే, దాన్ని పలుచన చేయకూడదు. కాకపోతే అది గురిపెట్టింది వెళ్లిపోయేవాడికి.

మరొకరి జవాబు:
“బలి యికను ఉండదు” అన్న మాట దగ్గరే భయమంతా పుడుతోంది, కాబట్టి దీని మీద కాస్త ఆగుదాం. ఇక్కడి క్రియ “అపొలెయిపెటాయ్”, “మిగిలి ఉండటం” అని అర్థం. ఇదే పత్రిక (హెబ్రీయులకు రాసిన లేఖ) 4:9లో “దేవుని ప్రజలకు విశ్రాంతి నిలిచియున్నది” అన్నచోటా ఇదే క్రియ. అంటే 10:26లో “మరో బలి ఏదీ మిగల్లేదు” అంటున్నాడు రచయిత.

ఇప్పుడు ఎనిమిది వచనాలు వెనక్కి వెళ్లండి. 18వ వచనం: క్షమాపణ కలిగినచోట పాప పరిహారార్థబలి ఇకను ఉండదు. “ఇకను ఉండదు” అన్నది రెండుచోట్లా ఉంది, మూలంలోనూ రెండుచోట్లా “ఊకెటి” అనే మాటే. 18లో అది శుభవార్త: ఒక్క బలితో పని పూర్తయింది, ఇంకొకటి అక్కర్లేదు. 26లో అదే సత్యానికి రెండో వైపు: ఆ ఒక్క బలినీ తోసేసినవాడు ఇంకెక్కడికి వెళ్లినా మరో బలి దొరకదు. ఆ బలినే పట్టుకుని “ప్రభువా, క్షమించు” అంటున్నవాడికి ఈ వాక్యం తలుపు మూయడం లేదు.

మరొకరి జవాబు:
ధర్మశాస్త్రం వైపు నుంచి ఒక చేర్పు. తెలిసి చేసిన పాపానికి మోషే కాలంలోనే బలి లేదని కొందరు బోధిస్తారు. లేవీయకాండము 6:1–7 చదివితే అది నిలబడదు. అప్పగించిన సొమ్ము విషయంలో అబద్ధమాడటం, దోచుకోవడం, అబద్ధప్రమాణం చేయడం, ఇవన్నీ తెలిసి చేసేవే. విధానం కూడా స్పష్టంగా ఉంది: మూలధనం తిరిగివ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి (100 తీసుకుంటే 120), అపరాధ పరిహారార్థబలిగా నిర్దోషమైన పొట్టేలును తేవాలి, యాజకుడు ప్రాయశ్చిత్తం చేయాలి, అప్పుడు అతనికి క్షమాపణ. సంఖ్యాకాండము 5:7 పాపం ఒప్పుకోవాలని కూడా చేర్చింది. బలి లేనిది సంఖ్యాకాండము 15:30లోని పాపానికి. హెబ్రీ భాషలో దాన్ని “ఎత్తిన చేతితో” చేసినది అంటారు, అంటే యెహోవాను తృణీకరించి తెగించడం.

ఈ భయం కొత్తదీ కాదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ పెట్టిన హింసకు జడిసి విగ్రహాలకు బలులిచ్చినవారిని సంఘంలోకి మళ్లీ రానివ్వకూడదని నోవేషియన్ వర్గం పట్టుబట్టింది. 325లో నైసియా మహాసభ 8వ నిబంధనలో, ఆ వర్గం నుంచి తిరిగి వచ్చే గురువులు అలా పడిపోయి పశ్చాత్తాపపడినవారితో సహవాసం చేస్తామని రాసివ్వాలని చెప్పింది. భయంతో క్రీస్తును కాదన్నవారికే తిరిగి వచ్చే దారి ఉంచారు.

మరొకరి జవాబు:
ఈ వచనంతో బాధపడేవారికి సలహా చెప్పేవాళ్ల కోసం రాస్తున్నాను. పాపాన్ని పేరు పెట్టి ఒక్కసారి ఒప్పుకోమనండి, “నా పాపాలన్నీ” అని పొగమంచులా వద్దు. ఎవరికైనా నష్టం చేసి ఉంటే తీర్చమనండి. తర్వాత 1 యోహాను 1:9 చదివించి, “నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక” అన్నచోట ఆపండి. క్షమాపణకు ఆధారం ఏడుపు ఎంత లోతుగా వచ్చిందన్నది కాదు, ఆయన నమ్మకత్వం.

చాలాచోట్ల తప్పేది ఇక్కడే: మనసుకు తేలిక కలగలేదని అదే పాపాన్ని మళ్లీ మళ్లీ ఒప్పుకోనిస్తారు. ప్రతిసారీ కాసేపు ఊరట, ఆపై ఇంకా పెద్ద సందేహం. కథోలికులు ఇలాంటివారిని ఒకే గురువు దగ్గర పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) చేసి ఆయన మాటకు కట్టుబడమంటారు, అందులో వివేకం ఉంది. అయినా గంటల తరబడి అదే ఆలోచన, అదే ప్రార్థన, తప్పుగా చేశానేమోనని మళ్లీ మొదటికి రావడం, ఇవి సాగుతుంటే అది ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వచ్చే మానసిక సమస్య)లో ఒక రూపం కావచ్చు. మానసిక వైద్యుడి దగ్గరికి పంపండి. విశ్వాసం తక్కువైందని మాత్రం అనకండి.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మరి హెబ్రీ 12:17లో ఏశావు “కన్నీళ్లు విడుచుచు దానికోసరము శ్రద్ధతో వెదకినను” మారుమనస్సుకు అవకాశం దొరకలేదంటారు కదా?

జవాబు:
“దానికోసరము” దేనికోసం అన్నదే ప్రశ్న. వ్యాకరణం ప్రకారం ఆశీర్వాదం కావచ్చు, మారుమనస్సు కావచ్చు, గ్రీకులో రెండూ స్త్రీలింగమే. ఆదికాండము 27 తేల్చేస్తుంది: 38వ వచనంలో అతడు ఏడ్చింది తండ్రి దీవెన కోసం, 41లో తమ్ముణ్ణి చంపాలనుకున్నాడు. జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్నందుకు పశ్చాత్తాపపడినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.