విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేశాక ల్యాప్‌టాప్ వేడెక్కిపోతోంది, ఫ్యాన్ ఆగట్లేదు

ప్రశ్న:
విండోస్ 10 నుంచి 11కి మార్చిన దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టలేనంత వేడి. బ్రౌజర్‌లో రెండు మూడు ట్యాబ్‌లు తప్ప ఏమీ తెరవకపోయినా ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతోంది. అంతకుముందు ఈ గోల లేదు. ఐదేళ్ల పాతది, ఇంటెల్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇప్పటిదాకా విప్పలేదు. థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని పైనున్న లోహపు భాగానికి చేర్చే పూత) మార్పించాలా, మళ్లీ 10కే వెళ్లిపోవాలా?

జవాబు 1:
పేస్ట్ జోలికి అప్పుడే వెళ్లకండి. ప్రాసెసర్ పని చేస్తూ వేడెక్కుతోందా, ఖాళీగా ఉన్నా వేడెక్కుతోందా అన్నది ముందు తేలాలి. పని చేస్తూ అయితే సాఫ్ట్‌వేర్ సంగతి. ఖాళీగా ఉన్నా అయితే ఫ్యాన్, దుమ్ము, పేస్ట్.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసెస్‌లో సీపీయూ హెడ్డింగ్ మీద క్లిక్ చేస్తే ఎక్కువ వాడుకుంటున్నవి పైకొస్తాయి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత మాత్రం అందులో కనబడదు, దానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసుకోండి. పనేమీ లేనప్పుడు 40 నుంచి 55 డిగ్రీలు మామూలే. బరువైన పని పెడితే 85–95 దాకా పోవడం ల్యాప్‌టాప్‌లలో వింతేం కాదు. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో చాలావాటికి 100 డిగ్రీలు హద్దు, అక్కడికి రాగానే అవే వేగం తగ్గించుకుంటాయి. సీపీయూ 5 శాతం కూడా దాటకుండా 75 డిగ్రీలు చూపిస్తే అప్పుడు స్క్రూడ్రైవర్ తీయండి.

జవాబు 2:
అప్‌గ్రేడ్ కొత్తలో పై వరసలో సాధారణంగా కనబడేవి: సెర్చ్ ఇండెక్సర్ (వెతుకులాట కోసం ఫైళ్ల జాబితా తయారుచేసేది), యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ (విండోస్ సొంత యాంటీవైరస్), విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ (అప్‌డేట్లు వేసేది). ఇండెక్సర్ మనం పని చేసుకుంటున్నంతసేపు తగ్గి ఉంటుంది, లేచి వెళ్లగానే జోరందుకుంటుంది. "ఏమీ చేయకుండానే ఫ్యాన్ మోగుతోంది" అనిపించడానికి ఇదే కారణం కావచ్చు. ఎండ్ టాస్క్ కొట్టినా మళ్లీ మొదలవుతుంది. ఛార్జర్ పెట్టి, స్లీప్‌ని నెవర్ చేసి, మూత తెరిచి, బల్ల మీద ఒక రాత్రి వదిలేయండి. పరుపు మీద మాత్రం వద్దు, గాలి లోపలికి వెళ్లేది అడుగునుంచే.

ప్రశ్న అడిగినవారు:
ఆ మూడూ పైన లేవండీ. బ్రౌజర్ 40 శాతం, డెస్క్‌టాప్ విండో మేనేజర్ 15 శాతం. వీడియో పెడితే మొత్తం సీపీయూ 90 దాటి, వేడి 84కి చేరుతోంది.

జవాబు 3:
స్క్రీన్ మీద విండోలన్నిటినీ చూపించే డెస్క్‌టాప్ విండో మేనేజర్ అంత తింటోందంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌నే (గ్రాఫిక్స్ చిప్‌ని విండోస్ వాడుకునేలా చేసే సాఫ్ట్‌వేర్) అనుమానించాలి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. ఇంటెల్ పేరు ఉండాల్సిన చోట మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే దొరికినట్టే. అప్‌గ్రేడ్‌లో అసలు డ్రైవర్ పోయింది, స్క్రీన్ మీది బొమ్మ గీయడం, వీడియో డీకోడ్ చేయడం అంతా సీపీయూ నెత్తిన పడింది. బ్రైట్‌నెస్ మీటలు కూడా పనిచేయకపోతే ఇక సందేహమే లేదు.

ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లో మీ మోడల్ నంబరు పేజీకే వెళ్లి విండోస్ 11 డ్రైవర్లు దించండి. ముందు చిప్‌సెట్ (మదర్‌బోర్డు చిప్‌ల డ్రైవర్), తర్వాత ఇంటెల్ డైనమిక్ ట్యూనింగ్ ఉంటే అది, చివర గ్రాఫిక్స్, ఒక్కోదాని తర్వాత రీస్టార్ట్. మధ్యలోదాన్ని చాలామంది వదిలేస్తారు. ప్రాసెసర్ ఎంత కరెంటు లాగాలి, వేడిని బట్టి ఎప్పుడు తగ్గాలి అని చూసేది అదే. డ్రైవర్ అప్‌డేటర్ అని చెప్పుకునే యాప్‌ల వైపు పోవద్దు.

తర్వాత బ్రౌజర్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో చూసి, వీడియో పెట్టి, టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద నొక్కండి. వీడియో డీకోడ్ గ్రాఫ్ కదిలితే ఆ భారం సీపీయూ నుంచి దానికి మారినట్టే.

జవాబు 4:
పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెడితే టర్బో (ప్రాసెసర్ తన మామూలు వేగాన్ని దాటి పరుగెత్తడం) ఆగిపోతుంది, వేడి వెంటనే దిగుతుంది.

జవాబు 3 రాసినవారు:
దిగుతుంది, వేగం కూడా దిగుతుంది. ఈ కేసులో అది జ్వరం తగ్గించే మాత్ర లాంటిదే. కొన్ని మోడళ్లలో ఆ ఆప్షనే కనబడదు. ముందు పవర్ మోడ్ బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో ఉంటే బ్యాలెన్స్‌డ్‌కి మార్చండి.

జవాబు 5:
వెనక్కి వెళ్లే దారి సెట్టింగ్స్‌, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్. అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల వరకే ఉంటుంది. పాత విండోస్ దాచి ఉంచిన విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ తీసేస్తే అంతకుముందే పోతుంది, డిస్క్ క్లీనప్ తొందరపడి కొట్టకండి. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, కాబట్టి ఇది ఆఖరి మార్గంగానే ఉంచుకోండి.

డ్రైవర్లు వేశాక కూడా ఖాళీగా ఉన్నప్పుడు 70 దాటితే అప్పుడు విప్పండి. ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాకే చెయ్యి పెట్టాలి. దుమ్ము పేరుకునేది ఫ్యాన్ రెక్కల మీద కంటే ఫ్యాన్‌కీ, వేడిని బయటికి వదిలే పల్చని రాగి రేకులకీ (ఫిన్‌లు) మధ్య, మందపాటి పొరలా. గాలి కొట్టేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే హద్దు మీరి తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ (ప్రాసెసర్ మీద వేడి లాగే లోహపు భాగం) తీస్తే పాత పేస్ట్ తుడిచి కొత్తది వేయక తప్పదు. మరలు మాత్రం వాటి పక్కన ఉన్న నంబర్ల వరసలోనే, కొంచెం కొంచెంగా బిగించండి.