ఫ్రిస్కోలో ఇల్లు అమ్మాలి: తెలిసిన అక్కకే లిస్టింగ్ (అమ్మిపెట్టే పని) ఇవ్వాలా?

ఫ్రిస్కో_ఇల్లాలు:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది టెక్సాస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో 2016లో కొన్న ఇల్లు. నాలుగు బెడ్‌రూములు, 2,850 చదరపు అడుగులు, పడమర ముఖం. మావారి ఉద్యోగం షార్లెట్‌కి మారింది. ఆగస్టులో పిల్లల స్కూలు తెరిచేలోపు అక్కడ ఉండాలి. ఇంటి సంగతి ఎలాగో తేలుతుంది, మనుషులతోనే వచ్చింది చిక్కు.

బాలవిహార్‌లో పరిచయమైన అక్క ఒకావిడ ఉన్నారు. నా రెండో కాన్పుకి మా అమ్మకి వీసా రాకపోతే పదకొండు రోజులు పత్యం వండి పంపిన మనిషి. రెండేళ్ల కిందట రియల్టర్ (ఇళ్లు కొనిపెట్టే, అమ్మిపెట్టే ఏజెంటు) లైసెన్స్ తీసుకున్నారు. మేం ఊరు మారుతున్నామని తెలిసిన రోజు సాయంత్రమే డబ్బా నిండా సున్నుండలు పట్టుకుని వచ్చారు. టీ చల్లారకముందే ఐప్యాడ్ తీసి, "690 వేల డాలర్లు ఈజీగా వస్తుందమ్మా, నా మాట నమ్ము" అన్నారు. తనకి 2 శాతం చాలట. కొనేవాళ్ల ఏజెంటుకి మాత్రం 3 శాతం ఇచ్చి తీరాలట, అది రూలట. మొదటి రెండు వారాలు ఎక్కడా పెట్టకుండా మన వాట్సాప్ గ్రూపుల్లోనే చూపిద్దాం, అప్పుడు ఇల్లంతా సర్దే బాధ కూడా ఉండదు అన్నారు.

మావారేమో మా వీధిలో పోయినేడాది మూడిళ్లు అమ్మిన అమెరికన్ ఏజెంటుని పిలిచారు. ఆవిడ నలభై నిమిషాలు తిరిగింది. తలుపుల పైన గోడ మూలలు చూసింది, అటక ఎక్కింది, పెరట్లో గోడ వారన నేల బీటలు చూసింది. 635, మహా అయితే 645 అంది. తనకి రెండున్నర శాతం. వంటగదిలో నిలబడి ఏదో అనబోయి మింగేసింది. అదేంటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

యాభై వేల తేడా! ఇళ్ల ధరలు అంచనా కట్టే జిల్లో (Zillow) సైటు చూస్తే 668 అంటోంది. ఎవరిని నమ్మాలి? అక్కకి కాదని చెప్పి శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడిలో ఎదురుపడితే మొహం ఎలా చూపించాలి? రెండు వారాలుగా ఇదే టెన్షన్.

ఆలెన్_బాబాయ్:

అమ్మా, ముందు ఆ 3 శాతం సంగతి. అలాంటి రూలు ఏనాడూ లేదు. కమిషన్ ఎంతన్నది మాట్లాడుకుని తేల్చుకునేదే. పైగా 2024 ఆగస్టు 17 నుంచి, రియల్టర్ల జాతీయ సంఘం కోర్టు కేసులో రాజీ పడ్డాక, కొనేవాళ్ల ఏజెంటుకి ఇంత ఇస్తామని ఎంఎల్ఎస్‌లో (ఏజెంట్లు అమ్మకానికున్న ఇళ్లని నమోదు చేసే ఉమ్మడి జాబితా) రాయడం కూడా ఆపేశారు. కొనేవాళ్లు ఇల్లు చూడకముందే తమ ఏజెంటుతో ఒప్పందం రాసుకోవాలి. ఆ డబ్బు మిమ్మల్ని కట్టమని ఆఫర్‌లో అడుగుతారు. ఒప్పుకోవచ్చు, తగ్గించమనొచ్చు. మమ్మల్ని 3 అడిగారు, రెండుంబావు దగ్గర తెగింది. అలాగని పైసా ఇవ్వనని భీష్మించుకోకండి. డౌన్ పేమెంటుకే కిందామీదా పడేవాళ్లు ఏజెంటుకి చేతి నుంచి ఎక్కడ ఇస్తారు? మీ ఇంటి వైపే రారు.

ఇక ధర. టెక్సాస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడైందో బయటపెట్టాలన్న చట్టం లేదు. కౌంటీ రికార్డుల్లో వెతికినా కనపడదు. అందుకే ఇక్కడ జిల్లో అంకెలు మరీ గాల్లో లెక్కలు. అసలు ధరలు ఎంఎల్ఎస్‌లో ఉంటాయి, చూడగలిగేది ఏజెంట్లే. కాబట్టి అక్కని మర్యాదగా ఒక్కటి అడగండి: "690 అన్నారు కదా, ఏ మూడిళ్లు చూసి అన్నారు?" మీ సబ్‌డివిజన్‌లో (కాలనీలో) గత ఆరు నెలల్లో క్లోజైనవే, అంటే అమ్మకం పూర్తయినవే కావాలి. అడిగిన ధర వద్దు, ముగిసిన ధర కావాలి. అమ్మినవాళ్లు రిపేర్లకీ, కొన్నవాళ్ల లోన్ వడ్డీ తగ్గించడానికీ ఎంత తిరిగిచ్చారో కూడా అందులోనే ఉంటుంది.

నా గోడు చెప్తాను. 2024లో మా బావమరిది స్నేహితుడికి ఇచ్చాం. మనవాడే కదా అని ఆరు నెలలకి సంతకం పెట్టేశాను. 610 అన్నాడు. మే నెలలో పెట్టాం. మొదటి రెండు వారాల్లో 19 మంది చూశారు, ఒక్క ఆఫర్ లేదు. ఆ తర్వాత వారానికి ఒకరు. 595 చేశాం, 579 చేశాం. తగ్గించిన కొద్దీ ఈ ఇంట్లో ఏదో ఉందని వచ్చేవాళ్లకి అనుమానం. అవతల సెలీనా, ప్రిన్స్‌టన్ వైపు బిల్డర్లు వడ్డీ తామే తగ్గించి కొత్తిళ్లు ఇస్తుంటే మన పాతింటి మొహం ఎవరు చూస్తారు? నాలుగో నెలలో వదిలించుకోబోతే అప్పుడు తెలిసింది, లిస్టింగ్ ఒప్పందం ఏజెంటుతో కాదు, వాళ్ల పైన ఉండే బ్రోకర్‌తో అని. ఆయన్ని బతిమాలి బయటపడ్డాను. సెప్టెంబరులో ఇంకొకావిడ 559కి పెట్టింది. తొమ్మిది రోజుల్లో రెండు ఆఫర్లు, 556కి పోయింది. మధ్యలో నాలుగు నెలల ఈఎంఐ, పచ్చిక నీళ్లు, మా ఆవిడ సాధింపులు అదనం.

మీ వంటగదిలో ఆవిడ మింగేసిన మాట ఏంటో నేను చెప్పగలను. మా రెండో ఏజెంటు మా ఇద్దరినీ బయటికి తీసుకెళ్లి, డ్రైవ్‌వేలో పది నిమిషాలు కబుర్లు చెప్పి, తలుపు తీసి, "ఇప్పుడు లోపలికి అడుగుపెట్టండి" అంది. ఇంగువ. ఇన్నేళ్లూ మా ముక్కులకి తెలియలేదు. కర్టెన్లు తీసేశాం, కార్పెట్ షాంపూ పట్టించాం. స్టవ్ పైన వెంట్ ఫిల్టర్ ఊడదీస్తే జిడ్డు తేనెలా సాగింది. అమ్ముడయ్యేదాకా గ్యారేజీలో ఇండక్షన్ స్టవ్ మీదే పోపు.

కేటీ_ఏజెంట్:

నేనూ లైసెన్స్ ఉన్నదాన్నే, హ్యూస్టన్ పక్కన కేటీలో. మీ ఊరు నాది కాదు కాబట్టి మీ లిస్టింగ్ మీద నాకు ఆశ లేదు.

ఆ వాట్సాప్ ప్లాను గురించి. మీది పడమర ముఖం అన్నారు. మన గ్రూపుల్లో అడిగే మొదటి ప్రశ్నే "ఈస్ట్ ఫేసింగేనా?" చాలామంది గుమ్మం దాకా కూడా రారు. దిక్కు పట్టించుకోని వేలమందిని వదిలేసి, దిక్కు కోసమే బేరమాడేవాళ్లకి మాత్రమే చూపించడమేంటండీ? పైగా "మనవాళ్లకే" అన్న మాట ఏజెంటు నోట్లోంచి రాకూడదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఒకటుంది. పుట్టిన దేశాన్ని బట్టీ మతాన్ని బట్టీ కొనేవాళ్లని ఏరకూడదు. లైసెన్స్ మీదికి వస్తుంది.

ఇంకో సంగతి, ఇది మా వృత్తిలో ఎవరూ టీ దగ్గర చెప్పరు. గ్రూపులోంచి కొనేవాళ్లు దొరికితే వాళ్ల ఏజెంటు కూడా ఆ అక్కే అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు మీ 2, అవతలి 3, రెండూ అటే. టెక్సాస్‌లో రెండు వైపులా ఉన్న బ్రోకర్ ఇంటర్మీడియరీ (మధ్యవర్తి) అవుతాడు, దానికి మీ రాతపూర్వక అనుమతి కావాలి. ఒకే మనిషి రెండు వైపులా పని చేస్తే ధర గురించి మీకు సలహా ఇవ్వకూడదు. సరిగ్గా మీకు సలహా కావాల్సిన రోజున ఆవిడ నోరు కట్టేసుకుని కూర్చోవాలి. ఆవిడ మనసులో చెడు ఉందనడం లేదు, కొత్తవాళ్లకి ఇది తట్టదు.

ఎవరికిచ్చినా సంతకానికి ముందు చూసుకోవాల్సినవి: గడువు మూడు నెలలకి మించొద్దు. ప్రొటెక్షన్ పీరియడ్ అని ఒక పేరా ఉంటుంది, దాన్ని రెండుసార్లు చదవండి. గడువు అయిపోయాక కూడా, వాళ్ల హయాంలో ఇల్లు చూసినవాళ్లు కొంటే కమిషన్ కట్టాలంటుంది. ఎన్ని రోజులన్నది మీరు రాయించుకునేదే. ధర ఒక్కటే చూసి మురిసిపోకుండా ఇద్దరినీ నెట్ షీట్ (ఖర్చులన్నీ పోగా మీ చేతికి ఎంత వస్తుందో చూపే లెక్క) అడగండి. టైటిల్ పాలసీ (ఇంటి హక్కు మీద తీసుకునే బీమా) మన దగ్గర మామూలుగా అమ్మేవాళ్లే కడతారు. హెచ్ఓఏ (కాలనీ ఇళ్లవాళ్ల సంఘం) ఇచ్చే రీసేల్ సర్టిఫికెట్‌కి 375 డాలర్ల దాకా పడుతుంది. జనవరి 1 నుంచి క్లోజింగ్ రోజు దాకా ప్రాపర్టీ ట్యాక్స్ మీ డబ్బులోంచి పట్టుకుంటారు, మీ వైపు అది చిన్న మొత్తం కాదు. కొన్నప్పటి స్థలం హద్దుల సర్వే కాగితం వెతికి పెట్టండి. పనికొస్తే కొత్త సర్వే ఖర్చు తప్పుతుంది.

ఆవిడ నేల బీటలు, గోడ మూలలు చూసిందంటే పని తెలిసిన మనిషే. మీ వైపుది బంకమన్ను నేల, ఎండితే కుంచించుకుపోయి ఫౌండేషన్ కదుపుతుంది. ఒప్పందం అయ్యాక కొనేవాళ్లకి ఉండే ఆప్షన్ పీరియడ్‌లో వాళ్ల ఇన్‌స్పెక్టర్ పట్టుకునేదీ అదే. ఆ కొద్ది రోజుల్లో కారణం చెప్పకుండానే వాళ్లు వెళ్లిపోవచ్చు.

మొహమాటం సంగతికి ఒక దారి ఉంది. మాలో రిఫరల్ ఫీజు అని ఉంటుంది. అక్క మిమ్మల్ని ఆ ఏజెంటుకి అప్పగిస్తే, ఆవిడ కమిషన్‌లో కొంత వాటా బ్రోకర్ల ద్వారా అక్కకి వెళ్తుంది. మీ జేబులోంచి అదనంగా ఏమీ పోదు. లిస్టింగ్ మీద సంతకం పెట్టకముందే మాట్లాడుకోవాలి.

రిటర్న్_టు_హైదరాబాద్:

షార్లెట్‌కే వెళ్తున్నారు కాబట్టి మీకు ఈ గొడవ లేదు. ఇండియా వచ్చేశాక అమ్మేవాళ్ల కోసం రాస్తున్నా. మేం వచ్చేసిన మూడో ఏడు అమ్మాం. ట్యాక్స్ లెక్కలో అప్పటికి విదేశీయులం కాబట్టి ఫిర్‌ప్టా (విదేశీయులు అక్కడి ఆస్తి అమ్మితే పన్ను ముందే పట్టుకునే చట్టం) కింద క్లోజింగ్‌లోనే 10 శాతం పట్టేశారు. లాభం మీద కాదు, మొత్తం ధర మీద! కొనేవాళ్లు అందులో కాపురం ఉండకపోతే 15 పోయేది. రిటర్న్ ఫైల్ చేసి వెనక్కి తెచ్చుకునేసరికి ఏడాది పట్టింది. పవర్ ఆఫ్ అటార్నీకి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో నోటరీ, ముద్రకి 50 డాలర్లు. డ్రాఫ్టు టైటిల్ కంపెనీకి ముందే చూపించి వాళ్లు సరేనన్నాకే వెళ్లండి. మేం చూపించకుండా వెళ్లి రెండుసార్లు తిరిగాం.

ఫ్రిస్కో_ఇల్లాలు:

అందరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం సున్నుండల డబ్బా తిరిగివ్వాలన్న నెపంతో అక్క ఇంటికి వెళ్లాను. ఖాళీ డబ్బా ఇవ్వకూడదని అరటికాయ బజ్జీలు వేసుకెళ్లాను. బాబాయ్ గారు చెప్పినట్టే అడిగాను, ఏ మూడిళ్లు చూశారక్కా అని.

అక్క లాప్‌టాప్ తెరిచారు. 690 మా వెనక వీధి ఇల్లే, నిజమే. కానీ అది 2022 మేలో అమ్ముడైంది. ఆరు నెలలకి కుదిస్తే 648, 639, 651 వచ్చాయి. ఆ 651లో 12 వేలు కొన్నవాళ్లకి తిరిగిచ్చారు. అక్క కాసేపు స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయారు. "నేను ఇప్పటిదాకా కొనేవాళ్లతోనే తిరిగాను, అమ్మింది ఒక్క టౌన్‌హోమే" అన్నారు నెమ్మదిగా. నాకు ప్రాణం చివుక్కుమంది. రిఫరల్ మాట నేను ఎత్తేలోపు, "ఆవిడ నంబరివ్వు, మా బ్రోకర్‌తో మాట్లాడిస్తాను. ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రం నేనూ వస్తా, నేర్చుకుంటా" అని తనే అన్నారు.

మూడు నెలల ఒప్పందం, 645, ప్రొటెక్షన్ 30 రోజులు. ఫొటోలు వచ్చే గురువారం. అమెరికన్ ఏజెంటుని వంటగది గురించి సూటిగా అడిగేశాను. ఎర్రబడిపోయి, అవును అదే అంది. గ్యారేజీలోకి ఇండక్షన్ స్టవ్ ఆర్డర్ పెట్టాం. మా అత్తగారికి ఇంకా చెప్పలేదు.