ప్రత్యేక నియోజకవర్గాలు, రిజర్వుడు సీట్లు ఒకటేనా?

ప్రశ్న: 1909 మింటో-మార్లే చట్టం ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీలకు రిజర్వుడు సీట్లున్నాయి. రెండూ సీట్లు కేటాయించడమే కదా, మొదటిదాన్నే ‘విభజించి పాలించడం’ అని ఎందుకంటారు?

జవాబు 1: ఒకటి కాదండీ. ఎవరు పోటీ చేస్తారన్నది కాదు, ఎవరు ఓటేస్తారన్నది చూడండి. రిజర్వుడు సీటులో అభ్యర్థి ఎస్సీ, ఓటర్లు ఊరంతా. 1909 పద్ధతిలో అభ్యర్థీ ముస్లిమే, ఓటర్లూ ముస్లింలే. ఓటరు జాబితాయే వేరు. పక్కింటి హిందువు ఓటు అడగాల్సిన పనే అభ్యర్థికి లేదు. అటువైపూ అంతే. మతం పేరు గట్టిగా ఎత్తినవాడికే లాభం. 1919లో ఇది పంజాబు సిక్కులకు, మద్రాసు క్రైస్తవులకు కూడా పాకింది. 1945 చివర్లో కేంద్ర శాసనసభ ఎన్నికల్లో 30 ముస్లిం సీట్లూ ముస్లిం లీగువే. అప్పుడు కాంగ్రెస్ అధ్యక్షుడు మౌలానా ఆజాద్, ఆయనా ముస్లిమే అని గుర్తుపెట్టుకోండి. అందుకే రాజ్యాంగం 325వ అధికరణలో ఒక నియోజకవర్గానికి ఒకే ఓటరు జాబితా అని రాసుకున్నాం.

జవాబు 2: బ్రిటిష్ ప్రభుత్వం వేరే దారి లేక ప్రత్యేక నియోజకవర్గాలు పెట్టిందనడానికి వీల్లేదు. 1919 చట్టం కిందే మద్రాసు ప్రెసిడెన్సీలో బ్రాహ్మణేతరులకు 28 సీట్లు కేటాయించారు, ఓటర్లు మాత్రం ఉమ్మడి. రెండు పద్ధతులూ ఒకే ప్రభుత్వం చేతిలో ఉన్నాయి.

జవాబు 3: తప్పంతా దొరలమీదికి తోసేస్తే లెక్క కుదరదు. 1906 అక్టోబరు 1న సిమ్లాలో ఆగాఖాన్ నాయకత్వంలో ముస్లిం పెద్దల బృందం వైస్రాయి మింటోను ఇదే అడిగింది. 1916 లక్నోలో లీగుతో ఒప్పందంలో కాంగ్రెస్ కూడా ఒప్పుకుంది: యూపీలో ముస్లింలు జనాభాలో ఏడో వంతు, సీట్లు 30 శాతం, బెంగాల్లో సగానికి పైన, సీట్లు 40 శాతమే. అడిగినవాళ్లున్నారు నిజమే, కానీ అడిగినదాన్ని చట్టంగా బిగించింది మాత్రం ప్రభుత్వమే.

ప్రశ్న వేసినవారు: మరి పూనా ఒడంబడిక?

జవాబు 1: 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలకు (ఇప్పటి ఎస్సీలకు) 71 ప్రత్యేక సీట్లిచ్చింది, పైగా సాధారణ సీటులో రెండో ఓటు. సెప్టెంబరు 24న పూనాలో గాంధీ, అంబేడ్కర్ పక్షాల ఒప్పందంతో అవి 148 రిజర్వుడు సీట్లయ్యాయి. ముందు ఆ వర్గం ఓటర్లే నలుగురిని ఎన్నుకోవాలి, ఆ నలుగురిలో ఒకరిని అందరూ గెలిపించాలి. చిక్కంతా ఆ రెండో మెట్టులోనే. తమవాళ్ల దగ్గర మొదట నిలిచినవాడు సవర్ణుల ఓట్లతో ఓడిపోవచ్చు. అంబేడ్కర్ తర్వాత చేసిన ఫిర్యాదు ఇదే.