పీసీ రేడియేటర్‌కి చప్పుడు చేయని ఫ్యాన్లు ఏవి? వాడినవాళ్లు చెప్పండి

తూనీగ (హైదరాబాద్):
అందరికీ నమస్తే. నేను ఇంట్లోనే కథలు చదివి రికార్డ్ చేసి, ఎడిట్ చేస్తాను. వీధి సద్దుమణిగేది రాత్రి పది దాటాకే కాబట్టి పని మొత్తం అప్పుడే. నా పీసీలో రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నాయి, రెండూ కస్టమ్ వాటర్ లూప్ మీదే, అంటే నీళ్లు వాటి వేడిని తీసుకెళ్లి రేడియేటర్‌లో వదులుతాయి. పైన 360 రేడియేటర్ (మూడు ఫ్యాన్లది), ముందు 240 (రెండు ఫ్యాన్లది), రెండూ 30 మి.మీ. మందం. కేస్‌తో పాటు వచ్చిన ఐదు లైట్ల ఫ్యాన్లనే వాటికి బిగించాను, అక్కడే తేడా కొట్టింది. విడిగా చేతిలో పట్టుకుని తిప్పితే వినబడని ఫ్యాన్, రేడియేటర్‌కి ఆనించగానే గుయ్‌మని మొదలెడుతుంది, పైగా ఊరికే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మైక్ ఆన్ చేస్తే అదే వినిపిస్తోంది. పెట్టెల మీద డెసిబెల్స్ చూసి కొందామంటే అన్నీ ఇరవై, ఇరవై రెండు అనే రాస్తున్నారు. మళ్లీ డబ్బు పోసి అదే తప్పు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. మీరు వాడినవి, మీ చెవితో విన్నవి చెప్పండి.

బెజవాడ_బిల్డర్:
పెట్టె మీది డెసిబెల్స్ అంకె ఖాళీ గాలిలో, ముందూ వెనకా ఏ అడ్డూ లేకుండా కొలిచింది. రేడియేటర్ అంటే గాలికి అడ్డుగోడ లాంటిది, సన్నటి ఫిన్‌ల మధ్య నుంచి గాలిని తోసుకుపోవాలి. అందుకే స్టాటిక్ ప్రెషర్ (అడ్డును తోసుకుని గాలిని పంపే ఒత్తిడి) చూడమంటారు, అది మి.మీ. నీటి లెక్కలో ఉంటుంది. అయితే ఆ అంకె కూడా గాలి పూర్తిగా ఆగిపోయినప్పటిది, ఎయిర్‌ఫ్లో అంకేమో అడ్డే లేనప్పటిది. మీ ఫ్యాన్ పనిచేసేది ఈ రెండింటి మధ్య ఎక్కడో.

ముందు ఒక పని చేయండి. రేడియేటర్ మీద స్కేలు పెట్టి ఒక అంగుళంలో ఎన్ని ఫిన్‌లు ఉన్నాయో లెక్కపెట్టండి. పది, పన్నెండు ఉంటే దాదాపు ఏ మంచి ఫ్యాన్ అయినా నెమ్మదిగా తిరుగుతూనే సరిపోతుంది. ఇరవై దాటితే మాత్రం ప్రెషర్ ఉన్న ఫ్యాన్ కావాలి, స్పీడు కూడా కాస్త పెంచాల్సిందే.

నేను మూడేళ్లుగా ఆర్కిటిక్ పీ12 పీడబ్ల్యూఎం వాడుతున్నాను. 1800 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాకా వెళ్తుంది, ప్రెషర్ 2.2 మి.మీ. ఐదు కలిపి ఒకే ప్యాక్‌గా దొరుకుతాయి, పీఎస్‌టీ రకం అయితే ఒకదాని వైర్ ఇంకోదానికి గుచ్చుకుంటూ పోవచ్చు. ఐదు ఫ్యాన్లు కావాలంటే ఖర్చు దృష్ట్యా నేను ముందు చెప్పేది ఇదే.

రాత్రిపని:
పీ12 మంచిదే, కానీ మైక్ పక్కన పెట్టేవాళ్లకి ఒక మాట చెప్పాలి. నా దగ్గరున్న వాటిలో 950 నుంచి 1100 మధ్య సన్నటి హమ్ ఉండేది, దానికి కింద లేదు, పైన లేదు. ఐదు రెక్కల ఫ్యాన్ 1000 ఆర్‌పీఎంలో తిరిగితే రెక్కలు సెకనుకి 83 సార్లు ఒక చోటును దాటుతాయి, ఆ మంద్రస్థాయి శబ్దానికి కేస్ రేకు తోడైందంటే గదంతా వినిపిస్తుంది. ఫ్యాన్ కర్వ్‌లో (ఎంత వేడికి ఎంత స్పీడో పెట్టుకునే సెట్టింగ్) ఆ భాగంలో ఆగకుండా దూకించేస్తే సమస్య చాలావరకు పోతుంది.

ఇప్పుడు నావి నాక్టువా ఎన్‌ఎఫ్-ఎ12ఎక్స్25. 2018లో వచ్చిన మోడల్. రెక్క కొనకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ అర మి.మీ. మాత్రమే, ఎదురొత్తిడికి గాలి ఆ సందులోంచి వెనక్కి జారిపోవడం అందుకే తక్కువ. 2000 ఆర్‌పీఎంలో 2.34 మి.మీ. ప్రెషర్, 22.6 డెసిబెల్స్. నాకు నచ్చింది ఈ అంకెలకన్నా దాని శబ్దం తీరు. ఈలలా కాకుండా గాలి వీచినట్టు ఉంటుంది, చెవి దాన్ని తొందరగా మర్చిపోతుంది. ధర ఎక్కువ, నేను కొన్నప్పుడు రెండింటి డబ్బుకి పీ12 ఐదు ప్యాక్ వచ్చి ఇంకా మిగిలేది.

డల్లాస్_శీను:
తూనీగ గారూ, మీరు రాసిన "పెరుగుతూ తగ్గుతూ" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మీ ఫ్యాన్లు ఏ టెంపరేచర్ చూసి తిరుగుతున్నాయి? సీపీయూ టెంపరేచర్ అయితే, ఎంత మంచి ఫ్యాన్ కొన్నా ఆ బాధ పోదు. రైజెన్‌లో ఒక బ్రౌజర్ ట్యాబ్ తెరిస్తే చాలు, సెకనులో 15 డిగ్రీలు ఎగిరి మళ్లీ పడిపోతుంది, ఫ్యాన్లు దాని వెంట పరిగెడతాయి. నీళ్లకి ఆ సంగతే తెలియదు. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 4200 జౌల్స్ పట్టాలి, అంటే 400 వాట్లు నేరుగా పోసినా పది సెకన్లకి ఒక డిగ్రీ. అందుకే నీటి టెంపరేచర్ సెన్సర్ పెట్టి దాని ప్రకారం ఫ్యాన్లు తిప్పాలి. ఆ సెన్సర్ అంటే 10 కిలోఓమ్‌ల థర్మిస్టర్, రేడియేటర్‌కి మిగిలిన పోర్టులో ప్లగ్‌లా బిగించేది దొరుకుతుంది. మీ మదర్‌బోర్డులో రెండు పిన్నుల టెంపరేచర్ హెడర్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే విడిగా ఫ్యాన్ కంట్రోలర్ తీసుకోవాలి. ఫ్యాన్లు కొనేముందే ఇది చేయండి. నేను తిరగేసి చేశాను, ఫ్యాన్లకి పెట్టిన ఖర్చులో సగం అనవసరం అని సెన్సర్ వచ్చాక తెలిసింది.

బెజవాడ_బిల్డర్:
శీను గారి మాటకి నూటికి నూరు శాతం ఒప్పుకుంటాను, కానీ మన ఊళ్లకి ఒక సవరణ. విదేశీ వీడియోల్లో నీళ్లు 35 దాటితే ఫ్యాన్లు పెంచమంటారు. మేలో ఏసీ లేని గది 36 ఉంటుంది, ఆ కర్వ్ పెడితే పీసీ ఊరికే కూర్చున్నా ఫ్యాన్లు రోజంతా ఫుల్లుగా తిరుగుతాయి. నీళ్లు గది కన్నా చల్లబడవు కదా. కాబట్టి నీటికీ గదికీ ఉన్న తేడా చూడండి, లోడ్‌లో పది, పన్నెండు డిగ్రీల తేడా ఉంటే హాయిగా వదిలేయొచ్చు. గది 36 అయితే నీళ్లు 47, భయపడక్కర్లేదు. లూప్‌లో నీళ్లు తిప్పే డీ5 పంపు 60 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, నేను మాత్రం 50 దగ్గర గీత గీసుకున్నాను. నా దగ్గర ఎండాకాలానికి ఒకటి, మిగతా రోజులకి ఒకటి, రెండు కర్వ్‌లు సేవ్ చేసి ఉన్నాయి. సీలింగ్ ఫ్యాన్ తిరిగే ఆ నెలల్లో పీసీ కాస్త ఎక్కువ తిరిగినా ఎలాగూ వినబడదు, మౌనం కావాల్సింది మిగతా ఎనిమిది నెలలూ.

ఓరుగల్లు_స్పానర్:
నేను బిల్డ్‌లు చేసి ఇస్తుంటాను, బిగించే పని గురించి చెబుతాను. ముందు స్క్రూలు. 25 మి.మీ. ఫ్యాన్‌కి సాధారణంగా 30 మి.మీ. స్క్రూ వస్తుంది. ఒకసారి కస్టమర్ ఇంట్లో స్క్రూలు తక్కువపడితే పక్క డబ్బాలోని 35 మి.మీ. వాటిని వాడాను, ఒకటి లోపల నీటి గొట్టాన్ని చీల్చింది. కొత్త రేడియేటర్ నా డబ్బుతో కొనిచ్చాను. ఇప్పుడు ప్రతి స్క్రూనీ ఫ్యాన్‌లో దూర్చి ఎంత బయటికి వస్తుందో కొలవకుండా బిగించను. ఫాంటెక్స్ టీ30 లాంటి 30 మి.మీ. ఫ్యాన్ అయితే పొడవు స్క్రూలే కావాలి, అవి తీసి మళ్లీ మామూలు ఫ్యాన్ పెట్టినప్పుడు స్క్రూలు కూడా మార్చాలి.

రెండోది, మీ ముందు రేడియేటర్. ఫ్యాన్లు బయటివైపు, అంటే డస్ట్ ఫిల్టర్‌కి అతుక్కుని ఉన్నాయా? గాలి పీల్చుకునే వైపు జాలీ అంత దగ్గరుంటే రెక్కలు దాని మీదే చప్పుడు చేస్తాయి. ఫ్యాన్లని రేడియేటర్ వెనక్కి, కేస్ లోపలికి మార్చి గాలి లాగేలా పెట్టండి. ఇంకో లాభం, దుమ్మంతా ఎదురుగా కనబడే వైపే పేరుకుంటుంది. ఫిల్టర్ తీసి మెత్తటి బ్రష్‌తో దులిపేయొచ్చు. మన దగ్గర రోడ్డు పక్క ఇళ్లలో రెండు నెలలకే ఫిన్‌ల మీద దుప్పటిలా పడుతుంది, అప్పుడు ఏ ఫ్యాన్ అయినా అరుస్తుంది. ఇక పైన పడుకోబెట్టి పెట్టే ఫ్యాన్లకి మామూలు స్లీవ్ బేరింగ్ వద్దు, తొందరగా గరగర మొదలవుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ ఉన్నవే తీసుకోండి.

తూనీగ:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఫిన్‌లు లెక్కపెట్టాను, అంగుళానికి 16. ముందు ఫ్యాన్లు జాలీకి నాలుగు మి.మీ. దూరంలోనే ఉన్నాయి, స్పానర్ గారు చెప్పినట్టే. కర్వ్ సీపీయూ మీదే ఉంది. సెన్సర్ ఆర్డర్ పెట్టాను. టీ30 పెట్టాలంటే పైన ర్యామ్‌కి తగులుతుంది, అది వదిలేశా. ఇంకొక్క సందేహం. అన్నీ ఒకే స్పీడులో ఉన్నా రాత్రి పూట "ఊఁ... ఊఁ..." అని అలలా వస్తుంది, రికార్డింగ్‌లో కూడా కనబడుతోంది. అదేమిటి?

రాత్రిపని:
అది బీటింగ్. తంబురలో రెండు తీగలు కాస్త అటూఇటూగా శ్రుతి చేస్తే వచ్చేదే. స్ప్లిటర్ (ఒకే హెడర్ నుంచి చాలా ఫ్యాన్లకి వెళ్లే వైరు) మీద అన్నిటికీ ఒకే సిగ్నల్ వెళ్లినా ఒకటి 900, పక్కది 910 తిరుగుతుంది. తొమ్మిది రెక్కలైతే 135 హెర్ట్జ్, 136.5 హెర్ట్జ్. సెకనుకి ఒకటిన్నర అల. రెండు గుంపులుగా విడగొట్టి ఒక గుంపుని 60, 70 ఆర్‌పీఎం తక్కువ పెట్టండి, అల అంత వేగమయ్యాక చెవి పట్టుకోదు. నాక్టువా కొత్త జీ2 ఫ్యాన్లని ఇందుకే కాస్త స్పీడు తేడాతో జతగా కూడా అమ్ముతోంది.

ఇంకోటి, స్పీడు తగ్గించడానికి వెనకాడకండి. ఫ్యాన్ శబ్దం ఆర్‌పీఎం నిష్పత్తికి లాగరిథమ్ తీసి 50తో గుణించినంత మారుతుందని లెక్క. 1200 నుంచి 800కి దించితే గాలి మూడో వంతు తగ్గుతుంది, శబ్దం దాదాపు 9 డెసిబెల్స్ పడిపోతుంది. అదే ఇంకో ఫ్యాన్ జత చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. అందుకే పెద్ద రేడియేటర్, నెమ్మది ఫ్యాన్లు.

తూనీగ:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ముందు సెన్సర్ ఒక్కటే పెట్టి పాత ఫ్యాన్లతోనే నాలుగు రోజులు చూశాను, ఆ ఎగుడుదిగుడు పూర్తిగా పోయింది, శీను గారికి ప్రత్యేకంగా థాంక్స్. పాత ఫ్యాన్ల స్పీడు కిందకి దించినా వాటి బేరింగ్ టిక్‌టిక్ మాత్రం అలాగే ఉంది, అందుకని పీ12 ఐదు ప్యాక్ తీసుకున్నాను. ముందువి లోపలికి మార్చాను. పైన మూడు 820, ముందు రెండు 750. హమ్ వచ్చే 950 నుంచి 1100 దాకా కర్వ్‌లో ఖాళీ, నీళ్లు గది కన్నా 12 డిగ్రీలు దాటితే నేరుగా 1150కి వెళ్తుంది.

ఎడిటింగ్‌లో నీళ్లు గది మీద 4 డిగ్రీలే. గంట గేమ్ ఆడితే 11. ఫ్యాన్ల శబ్దం పోయాక ఇన్నాళ్లూ తెలియని ఇంకో శబ్దం బయటపడింది, అది పంపు. డీ5 నాబ్ 4 మీద ఉండేది, 2కి తిప్పితే సీపీయూ ఒకటిన్నర డిగ్రీలు పెరిగింది, ఆ సన్నటి కూత పోయింది. కింద దళసరి ఫోమ్ ముక్క వేశాను. నిన్న రాత్రి రికార్డ్ చేసిన కథలో నాయిస్ రిడక్షన్ వాడాల్సిన పని పడలేదు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ నిజంగా ఖాళీగా ఉంది.

బెజవాడ గారూ, ఎండాకాలం కర్వ్ ఇంకా పెట్టలేదు. మేలో గది 36 దాటిన రోజు నీటి అంకెలు ఇక్కడే రాస్తాను, అప్పుడు మీరొకసారి చూసి చెప్పాలి.