షేర్డ్ హోస్టింగ్‌లో అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉన్నా 508 ఎర్రర్ ఎందుకు వస్తుంది?

ప్రశ్న

నమస్కారం. మాది తిరుపతిలో చిన్న వస్త్ర దుకాణం. శ్రీకాళహస్తి కలంకారీ చీరలను, దుపట్టాలను దుకాణంలోనే కాక వర్డ్‌ప్రెస్, ఊకామర్స్‌తో చేయించుకున్న వెబ్‌సైటులో కూడా అమ్ముతున్నాము. స్థలం, బ్యాండ్‌విడ్త్ రెండూ అన్‌లిమిటెడ్ అని చెప్పి షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వరును చాలా సైట్లు పంచుకునే పద్ధతి) ఇచ్చారు. ఇప్పుడేమో కొత్త చీరల ఫోటోలు ఎక్కడం లేదు. హోస్టింగ్ ఖాతాను నడుపుకునే సీప్యానెల్‌లో ఫైళ్ల సంఖ్య పరిమితికి చేరిందని ఎర్రగా చూపిస్తోంది. పైగా వాట్సాప్ గ్రూపుల్లో లింకు పెట్టిన సాయంత్రాల్లో 508 రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్ అని వస్తోంది. మా ఐపీ చిరునామా మీదే మాకు సంబంధం లేని సైట్లు ఎన్నో ఉన్నాయని తెలిసింది. వాటి వల్లే మాకు ఈ ఇబ్బందా? వీపీఎస్‌కు (సర్వరులో మనకంటూ విడిగా కేటాయించే భాగానికి) మారమని కంపెనీవారు అంటున్నారు, కానీ ఖర్చు చాలా ఎక్కువ. దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

ఒకే ఐపీ మీద అనేక సైట్లు ఉండటంలో తప్పేమీ లేదండి, షేర్డ్ హోస్టింగ్ అంటేనే అది. బ్రౌజరు తనకు కావలసిన డొమైన్ పేరును అభ్యర్థనతో పాటు వెళ్లే హోస్ట్ అనే హెడర్‌లో పెట్టి పంపుతుంది. 1997లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం దీనిని తప్పనిసరి చేసింది. ఆ పేరును బట్టే అపాచీ గాని లైట్‌స్పీడ్ గాని, అంటే వెబ్ సర్వరు ప్రోగ్రాము, మీ ఫోల్డరులోని పేజీని తీసి ఇస్తుంది.

అసలు విషయం హద్దుల్లో ఉంది. ఒక సైటు మొత్తం సర్వరును ఆక్రమించకుండా క్లౌడ్‌లినక్స్ వంటి వ్యవస్థలు ప్రతి ఖాతాకూ సీపీయూ, మెమరీ, డిస్కు వేగం, ఎంట్రీ ప్రాసెస్‌లు (ఒకేసారి నడిచే అభ్యర్థనల సంఖ్య) అని విడివిడిగా పరిమితులు పెడతాయి. కాబట్టి 508 వచ్చిందంటే పొరుగు సైట్లు మీ వాటాను లాక్కున్నాయని కాదు, మీ ఖాతాయే తన హద్దును తాకిందని అర్థం. ఉదాహరణకు ఒకే క్షణంలో 20 పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ పేజీలను తయారు చేసే ప్రోగ్రామింగ్ భాష) అభ్యర్థనలకే అనుమతి ఉండి, ఒక్కో పేజీ తయారు కావడానికి 2 సెకన్లు పడుతుంటే, సెకనుకు పదిమందికి మించి చూడలేరు. అదే పేజీ 0.2 సెకన్లలో తయారైతే వందమంది చూడవచ్చు. ప్లాన్ మారకముందే ఒక మంచి క్యాష్ ప్లగిన్ పెట్టి చూడండి. తయారైన పేజీని దాచి ఉంచి నేరుగా ఇస్తే పీహెచ్‌పీకి పని తగ్గుతుంది. అయితే కార్టు, చెల్లింపు పేజీలను మాత్రం క్యాష్ చేయనివ్వకండి. ఒకరి కార్టు మరొకరికి కనబడే ప్రమాదం ఉంది.

రెండవ సమాధానం

ఫైళ్ల సంగతి వేరు. స్థలానికి హద్దు లేదని చెప్పినవారు ఐనోడ్‌లకు హద్దు పెడతారు, దానిని నిబంధనల పేజీలో ఎక్కడో అడుగున రాస్తారు. వ్యాపారపరంగా తెలివైన పనే గాని, నాకైతే నచ్చదు. ప్రతి ఫైలూ, ప్రతి ఫోల్డరూ ఒక ఐనోడ్. మీరు ఒక చీర కొంగు ఫోటో ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ దానిని 150, 300, 768, 1024 పిక్సెళ్లు అంటూ వేర్వేరు కొలతల్లో మళ్లీ తయారు చేసుకుంటుంది, ఊకామర్స్ తనవి మరికొన్ని చేరుస్తుంది. ఒక్క ఫోటో ఇలా పది ఫైళ్ల దాకా అవుతుంది. మీ ఖాతాలోనే ఈమెయిల్ పెట్టెలు కూడా ఉంటే ప్రతి ఉత్తరమూ ఒక ఫైలేనని గుర్తుంచుకోండి. సీప్యానెల్‌లో డిస్కు వాడకం పేజీ కాకుండా ఫోల్డరువారీగా ఐనోడ్‌ల లెక్క చూడండి, లేదా సపోర్టువారి చేత తీయించండి.

మూడవ సమాధానం

పై ఇద్దరితో ఏకీభవిస్తాను గాని, వీపీఎస్‌ను పూర్తిగా కొట్టిపారేయనక్కరలేదు. అక్కడ మీ వనరులు మీవే. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, ఫైర్‌వాల్, బ్యాకప్ కూడా మీ బాధ్యతే అవుతాయి; ఆ పని చూసే మనిషి లేకపోతే వాటిని కంపెనీయే చూసే మేనేజ్డ్ ప్లాన్ తీసుకోవాలి, ఖర్చు ఇంకా పెరుగుతుంది. సాయంత్రపు రద్దీ కోసమే అయితే ముందు క్యాష్‌తో సరిపెట్టుకోండి.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలండి. సపోర్టువారిచేత లెక్క తీయించాను. ఫోటోల కంటే ఆర్డర్లకు సంబంధించిన ఆటోమేటిక్ ఉత్తరాలే మెయిల్ ఫోల్డరులో ఎక్కువగా పేరుకున్నాయి. పాతవాటిని తొలగించాక ఫోటోలు ఎక్కుతున్నాయి. క్యాష్ ప్లగిన్ ఇప్పుడే పెట్టాను, ఈసారి లింకు పంపాక ఫలితం రాస్తాను.