తాతగారి డైరీలో పురుగు తిన్న అక్షరం: ‘పాటి’యా, ‘పడియ’యా?

కాశీనగరం నుంచి:
మా తాతగారు కరణీకం చేసిన కాలంలో రాసుకున్న 1936 నాటి డైరీ ఈ మధ్య అటక మీది పెట్టెలో దొరికింది. భూమి కొలతల నడుమ ఒకచోట “ప... మీఁదను చింత నీడలు, ఎవరు నాటిరొ” అన్న ముక్క ఉన్నది. ‘ప’ తరువాతి భాగాన్ని పురుగు తినేసింది. ఇదే పాదాన్ని చిన్నప్పుడు మా నాయనమ్మ నోట విన్నాను గాని, మొదటి మాట ‘పాటి’ అన్నదో ‘పడియ’ అన్నదో ఎంత తలచుకున్నా తేలడం లేదు. డైరీ చెప్పిన గుర్తులు పట్టుకొని వంశధార ఒడ్డున వెతికితే ఒక మిట్ట, నాలుగు ముసలి చింతలు, అంచున వేలినొక్కులున్న ఎర్రటి కుండపెంకులు కనబడ్డాయి.

బరంపురం నుంచి:
నా మటుకు అది ‘పడియ’యే. ఒడియాలో పడియా అంటే సాగులో లేని బయలు. రెండు భాషల్లోనూ లెక్కలు రాసే కరణానికి ఆ మాట కలంలోకి రావడం సహజం. పైగా 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మన ప్రాంతం అందులో చేరిన సంవత్సరమది.

సిరొంచ నుంచి:
అయ్యా, అంత దూరం పోనక్కరలేదు. మా వైపు ఊరు లేచిపోయిన చోటును పాటిగడ్డ అంటారు. బూడిద, పేడ, ఎముకలు కలిసి మాగిన ఆ పాటిమన్నును రైతులు బండ్లమీద తోలుకొని చేలకు వేసుకుంటారు. కుండపెంకులు దొరికిన చోటును ఒట్టి బయలు అనగలమా? ఇల్లు ఇంటి అయినట్టే పాడు పాటి అవుతుంది. చిన్నయసూరి వ్యాకరణం చదివినవారికి వేరే చెప్పాలా?

పర్లాకిమిడి నుంచి:
మీరిద్దరూ అర్థాన్ని తూస్తున్నారు గాని నడకను వినలేదు. “మీఁదను / చింత / నీడలు” నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. ముందు మూడు మాత్రల మాట పడితే అచ్చంగా గురజాడ 1910లో పట్టుకున్న ముత్యాలసరం నడక. కరణంగారు కొలతల మధ్య కవిత్వం రాసుకున్నారన్నమాట! విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తిగారు మా ఊరిలోనే ఉండి, సవర గిరిజనుల నోటి మాటను చెవితో విని రాసుకున్నారు. పర్లాకిమిడి ఒడిశాలో చేరడం ఇష్టంలేక ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయిందీ 1936లోనే. ఆ గాలి పీల్చిన కరణం పుస్తకంలోని మాట కంటే పొలంలోని మాటనే ఎంచుకొని ఉంటారని నా నమ్మకం.

సిరొంచ నుంచి:
పొలంలోని మాట కనుకనే అది పాటి. ఛందస్సు మీకు సాయపడదు: ‘పాటి’ గురువు, లఘువు కలిసి మూడు మాత్రలు, ‘పడియ’ మూడు లఘువులు, అవీ మూడే.

బరంపురం నుంచి:
ఒప్పుకున్నాను. అయితే ‘మీఁద’లో అరసున్న వదలని మనిషి ‘పా’కు దీర్ఘం స్పష్టంగా పెట్టి ఉండాలి కదా. పురుగు తినని అంచున ఆ గీత ఉన్నదా?

కాశీనగరం నుంచి:
కాగితాన్ని వెలుగుకు పట్టి చూశాను. ‘ప’ను వదిలి కుడివైపుకు ఒక గీత సాగింది. అది దీర్ఘమో, గొలుసుకట్టు రాతలో తరువాతి అక్షరానికి కలిపిన గీతో చెప్పలేకపోతున్నాను.

పర్లాకిమిడి నుంచి:
అదే పుటలో ‘పాతిక’, ‘పడమర’ వంటి మాటలు ఎక్కడైనా ఉంటే ఆ గీతలతో పోల్చండి. కొలతల పుట కాబట్టి పడమర తప్పక ఉంటుంది. గురజాడ రాతప్రతుల్లోనూ ఇటువంటి...

సిరొంచ నుంచి:
గురజాడను కాసేపు ఆపండి. ఆ మిట్ట మన్నును ఎవరైనా చేలకు తోలుకుంటున్నారా? దాన్ని అక్కడివారు ఏమంటారో అడిగి రండి.

కాశీనగరం నుంచి:
ఆదివారం వెళ్తున్నాను. తెలుగు మాట్లాడే రైతును ఒకరిని, ఒడియా మాట్లాడే రైతును ఒకరిని విడివిడిగా అడుగుతాను.